ఆక్సిజన్ పెట్టినా పెరగని అంకె: క్యాన్సర్ వార్డులో మందులే తెచ్చిపెట్టే మెథెమోగ్లోబినీమియా

కరోనా వచ్చి వెళ్లాక మన ఇళ్లలో ఒక అంకె మిగిలిపోయింది: 94. పల్స్ ఆక్సిమీటర్‌లో అంతకంటే తగ్గితే ఆస్పత్రికి పరుగెత్తాలని, ఆక్సిజన్ పెడితే అంకె పెరుగుతుందని అప్పట్లో అందరికీ తెలిసింది. ఆ లెక్క పనిచేయని సందర్భం ఒకటుంది. అది ఎక్కువగా కనిపించే చోట్లలో క్యాన్సర్ వార్డు ఒకటి.

ఇలా ఊహించుకోండి. బ్లడ్ క్యాన్సర్‌కు చికిత్స పొందుతున్న పదేళ్ల బాబు. రాత్రి డ్యూటీ సిస్టర్ వేలికి క్లిప్పు పెట్టి చూస్తే 88 వచ్చింది. మాస్కు పెట్టారు, ఆక్సిజన్ పెంచారు. అరగంట తర్వాత 87. ఛాతీ ఎక్స్‌రేలో ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయి. దగ్గు లేదు, జ్వరం లేదు. తలనొప్పిగా ఉందంటున్నాడు, నీరసంగా పడుకున్నాడు, పెదవులు బూడిదరంగులోకి తిరిగాయి. రక్తం తీస్తే ఎర్రగా రావాల్సింది చాక్లెట్ రంగులో వచ్చింది. ఊపిరితిత్తుల్లో గానీ గుండెలో గానీ ఏ లోపమూ లేదు. లోపం రక్తంలో ఉంది. దాన్ని తెచ్చింది చాలాసార్లు అతని మంచికోసం ఇచ్చిన మందే.

ఈ స్థితి పేరు మెథెమోగ్లోబినీమియా. అరుదుగా వస్తుంది. గుర్తిస్తే గంటలోపే తగ్గించగలిగే మందుంది. గుర్తించకపోతే ప్రాణం మీదకు వస్తుంది. అంతకంటే పెద్ద చిక్కు ఇంకొకటుంది: కొందరికి ఆ విరుగుడు మందే విషంలా పనిచేస్తుంది. ఎవరికి పనిచేస్తుందో, ఎవరికి చెరుపు చేస్తుందో చెప్పే రక్తపరీక్షను మాత్రం చికిత్స మొదట్లోనే, సరైన రోజున చేయించాలి. ఆ రోజు దాటితే అదే పరీక్ష తప్పు సమాధానం చెప్పవచ్చు.

రక్తంలో జరిగేదేమిటి?

ఎర్రరక్త కణాల్లోని హిమోగ్లోబిన్‌లో నాలుగు ఇనుము అణువులుంటాయి. నాలుగు సీట్ల బండి అనుకోండి. ఊపిరితిత్తుల దగ్గర ఆక్సిజన్ ఎక్కుతుంది, కండరాల దగ్గర, మెదడు దగ్గర దిగుతుంది. కొన్ని మందులు ఆ ఇనుము నుంచి ఒక ఎలక్ట్రాన్‌ను లాగేసి దాని రూపం మారుస్తాయి. అలా మారిన సీటులో ఆక్సిజన్ కూర్చోలేదు. ఇలా పాడైన హిమోగ్లోబినే మెథెమోగ్లోబిన్. నష్టం అంతటితో ఆగదు. ఒక సీటు పాడైతే మిగతా సీట్లలో కూర్చున్నవాళ్లు కూడా దిగాల్సిన స్టాపులో దిగరు. ఆక్సిజన్ రక్తంలోనే తిరుగుతుంటుంది కానీ కణాలకు అందదు.

ఆరోగ్యంగా ఉన్నవారిలోనూ రోజూ కొంత మెథెమోగ్లోబిన్ తయారవుతుంది. కణాల్లోని ఎంజైములు దాన్ని ఎప్పటికప్పుడు బాగుచేస్తూ 1 శాతం లోపే ఉంచుతాయి. మందు దాడి ఆ మరమ్మతు వేగాన్ని మించినప్పుడే సమస్య. 10 శాతం దాటాక పెదవులు, గోళ్లు నీలం లేదా బూడిదరంగుకు తిరుగుతాయి. 20 దాటితే తలనొప్పి, గుండెదడ, ఆందోళన. 30 నుంచి 50 మధ్య ఆయాసం, తల తిరగడం, మగత. 50 దాటితే ఫిట్స్, గుండె లయ తప్పడం, కోమా. 70 దాటితే బతకడం కష్టం.

ఈ అంకెలు రక్తహీనత లేనివారికి. క్యాన్సర్ రోగికి లెక్క మారుతుంది. హిమోగ్లోబిన్ 14 గ్రాములున్న మనిషిలో 20 శాతం పాడైతే ఇంకా 11.2 గ్రాములు పనికొస్తాయి. కీమో నడుస్తున్న మనిషికి హిమోగ్లోబిన్ 7 ఉందనుకోండి. అదే 20 శాతం పోతే మిగిలేది 5.6. ఇంకో విచిత్రం కూడా ఉంది. చర్మం నీలంగా కనిపించాలంటే రక్తంలో సుమారు 1.5 గ్రాముల మెథెమోగ్లోబిన్ ఉండాలి. 14 గ్రాములున్నవారిలో 11 శాతానికే అది కనబడుతుంది. 7 గ్రాములున్నవారిలో 21 శాతం దాకా కనబడదు. అంటే రక్తం తక్కువున్న రోగికి హాని ముందే జరుగుతుంది, ఆనవాలు ఆలస్యంగా కనిపిస్తుంది. మన చర్మపు రంగులో ఆ నీలం ఇంకా తేలిగ్గా దాగిపోతుంది. అందుకే చేతులూ ముఖమూ కాదు, నాలుక, పెదవుల లోపలి భాగం, గోళ్ల అడుగు చూడాలి.

ఆక్సిమీటర్ ఎందుకు మోసపోతుంది?

వేలికి పెట్టే క్లిప్పులో రెండు కాంతులుంటాయి. ఒకటి ఎరుపు, రెండోది కంటికి కనిపించని ఇన్‌ఫ్రారెడ్. ఆక్సిజన్ ఉన్న రక్తం, లేని రక్తం ఈ రెంటినీ వేర్వేరు పాళ్లలో పీల్చుకుంటాయి. ఆ పాళ్లను బట్టే మీటర్ శాతం చెబుతుంది. మెథెమోగ్లోబిన్ మాత్రం రెండు కాంతులనూ దాదాపు సమానంగా పీల్చుకుంటుంది. రెండూ సమానమైతే మీటర్ లెక్కలో వచ్చే జవాబు 85.

అందువల్ల మెథెమోగ్లోబిన్ 30, 35 శాతం దాటాక అంకె 85 చుట్టూ ఆగిపోతుంది. లోపల పరిస్థితి 35 నుంచి 60కి దిగజారినా తెరమీద అదే 85. అంకె ఇంకా పడలేదు కాబట్టి పరిస్థితి నిలకడగా ఉందనుకోవడం ఇక్కడ జరిగే పెద్ద పొరపాటు.

రెండో పొరపాటు ఏబీజీ దగ్గర జరుగుతుంది. ధమని నుంచి రక్తం తీసి చేసే ఈ పరీక్షలో ఆక్సిజన్ పీడనం మామూలుగానే వస్తుంది, ఎందుకంటే అది కొలిచేది రక్తద్రవంలో కరిగిన ఆక్సిజన్‌ను. పాత యంత్రాలు ఆ పీడనాన్ని బట్టి శాతాన్ని లెక్కకట్టి 98, 99 అని చీటీ మీద ముద్రిస్తాయి. వేలిమీద 85, చీటీ మీద 98. ఈ తేడా చూసి ఒకటి తప్పని పక్కన పెట్టేయకూడదు. ఆ తేడాయే జబ్బు ఆనవాలు. 5 శాతం మించి తేడా ఉంటే మెథెమోగ్లోబిన్ కొలవాలి.

కొలిచే యంత్రం కో-ఆక్సిమీటర్. అది ఎక్కువ రంగుల కాంతితో చూసి ఏ రకం హిమోగ్లోబిన్ ఎంతుందో విడిగా చెబుతుంది. ఇప్పుడొచ్చే చాలా ఏబీజీ యంత్రాల్లో ఇది కలిసే ఉంటుంది. చీటీలో 'మెట్‌హెచ్‌బీ' అనే చిన్న వరుస ఉంటుంది, దాన్ని ఎవరో ఒకరు చదవాలి అంతే. ఆ సౌకర్యం లేని చోట కూడా ఒక పాత పద్ధతి ఉంది. తెల్లటి ఫిల్టర్ కాగితం మీద రోగి రక్తపు చుక్క వేసి గాలికి ఉంచుతారు. కేవలం ఆక్సిజన్ తక్కువైన రక్తమైతే కాసేపట్లో ఎర్రబడుతుంది. మెథెమోగ్లోబిన్ అయితే చాక్లెట్ రంగులోనే ఉండిపోతుంది. పక్కన మామూలు రక్తపు చుక్క వేస్తే తేడా ఇంకా బాగా తెలుస్తుంది.

బ్లడ్ క్యాన్సర్‌లో దీనికి తలకిందులైన పరిస్థితి కూడా వస్తుంది. తెల్లకణాలు లక్షల్లో పెరిగిపోయినప్పుడు, సిరంజిలో తీసిన రక్తంలోని ఆక్సిజన్‌ను ఆ కణాలే తాగేస్తాయి. అప్పుడు వేలిమీద 97 ఉన్నా ఏబీజీలో ఆక్సిజన్ ఘోరంగా తక్కువ చూపిస్తుంది. శాంపిల్‌ను వెంటనే ఐసులో పెట్టి ల్యాబ్‌కు పంపమనేది అందుకే. రోగికి ఏమీ కాలేదు, ఆక్సిజన్ పోయింది సిరంజిలో.

ఏ మందుల వల్ల?

డాప్సోన్ పేరు తెలుగువాళ్లకు కొత్తకాదు. కుష్టు చికిత్సలో ప్రభుత్వం ఉచితంగా ఇచ్చే ప్యాకెట్లలో దశాబ్దాలుగా ఉన్న మాత్ర ఇది. క్యాన్సర్ వార్డుకు వేరే దారిలో వచ్చింది. కీమో వల్ల రోగనిరోధక శక్తి పడిపోయినవారికి న్యుమోసిస్టిస్ అనే శిలీంధ్రం వల్ల న్యుమోనియా వస్తుంది. అది రాకుండా వారంలో రెండు మూడు రోజులు సెప్ట్రాన్ వేస్తారు. సల్ఫా పడనివారికి, దానివల్ల రక్తకణాలు మరీ తగ్గిపోతున్నవారికి బదులుగా ఇచ్చే మందుల్లో డాప్సోన్ ఒకటి. మందుల వల్ల వచ్చే మెథెమోగ్లోబినీమియాకు బాగా పేరుపడ్డ కారణం ఇదే. ఎక్కువ మోతాదు పడితేనే వస్తుందని లేదు, మామూలు డోసులోనూ, వాడటం మొదలైన కొన్ని వారాలకూ రావచ్చు. పైగా ఒంట్లో చాలాసేపు ఉంటుంది. సగానికి తగ్గడానికే సుమారు 30 గంటలు పడుతుంది. విరుగుడు ఇచ్చి రంగు తేరుకున్నాక మర్నాడు మళ్లీ దిగజారే ప్రమాదం అందువల్లనే.

రెండోది రాస్బురికేజ్. లింఫోమా, లుకేమియా లాంటి వేగంగా పెరిగే క్యాన్సర్లకు తొలి కీమో పడగానే కణాలు కుప్పలుగా చచ్చిపోయి రక్తంలో యూరిక్ యాసిడ్ ఒక్కసారిగా పెరుగుతుంది. కిడ్నీలు మూసుకుపోతాయి. రాస్బురికేజ్ ఆ యూరిక్ యాసిడ్‌ను గంటల్లో కరిగించేస్తుంది. ప్రాణాలు నిలిపే మందు, అందులో సందేహం లేదు. కానీ అది పనిచేసే క్రమంలో హైడ్రోజన్ పెరాక్సైడ్ పుడుతుంది. జీ6పీడీ అనే ఎంజైము సరిపడా ఉన్నవారి ఎర్రకణాలు దాన్ని తట్టుకుంటాయి. లేనివారి కణాలు పగిలిపోతాయి, మెథెమోగ్లోబిన్ పెరుగుతుంది. అమెరికా ఎఫ్‌డీఏ ఈ మందు పెట్టె మీద వేయించిన అతి తీవ్ర హెచ్చరికలో ఈ రెండూ ఉన్నాయి. జీ6పీడీ లోపం ఉన్నవారికి ఇవ్వకూడదని ఉంది. ఖరీదైన మందు కావడంతో మన దగ్గర చాలాచోట్ల తక్కువ డోసు ఒక్కసారే ఇస్తారు. తక్కువ డోసు కదా, లోపం ఉన్నా ఏమీ కాదు అనుకోవడానికి లేదు.

ఇక మిగతావి. గొంతు మొద్దుబారడానికి ఎండోస్కోపీ ముందు కొట్టే బెంజోకేయిన్ స్ప్రే, నిమిషాల్లో తెప్పించగలదు. పిల్లలకు సూది నొప్పి తెలియకుండా పూసే ప్రిలోకేయిన్ క్రీము. ఎక్కువ మేర, ఎక్కువసేపు పూస్తే, ముఖ్యంగా పసివాళ్లలో. మలేరియాకు, కొన్నిసార్లు ఆ న్యుమోసిస్టిస్ న్యుమోనియాకూ ఇచ్చే ప్రైమాక్విన్. ప్రోస్టేట్ క్యాన్సర్‌లో వాడే ఫ్లూటమైడ్. మూత్రం మంటకు వేసే ఫెనాజోపిరిడిన్. వాంతులకు వాడే మెటోక్లోప్రమైడ్ వల్ల కూడా అరుదుగా వస్తుంది. ఒక్కో రోగి వీటిలో రెండు మూడు ఒకేసారి వాడుతుండొచ్చు, అప్పుడు ఏది కారణమో తేల్చడం కన్నా అనుమానం ఉన్నవాటిని డాక్టర్ ఆపేయడమే ముందు జరగాలి.

విరుగుడు నీలం

చికిత్సలో మొదటి మెట్టు కారణమైన మందు ఆపడం. చాలామందికి, శాతం తక్కువగా ఉండి ఇబ్బందేమీ లేనివారికి, అదీ ఆక్సిజనూ గమనింపూ సరిపోతాయి. 20 శాతం దాటి లక్షణాలుంటే, లక్షణాలు లేకున్నా 30 దాటితే మిథిలీన్ బ్లూ ఇంజెక్షన్ ఇవ్వడం వాడుకలో ఉన్న కొలమానం. రక్తహీనత, గుండెజబ్బు ఉన్నవారికి ఇంకా ముందే మొదలుపెడతారు.

మిథిలీన్ బ్లూ 1876లో జర్మనీలో తయారైన అద్దకపు రంగు. ల్యాబుల్లో సూక్ష్మజీవులకు రంగు వేసేదీ ఇదే. కిలో బరువుకు 1 నుంచి 2 మిల్లీగ్రాముల చొప్పున నరంలోకి నెమ్మదిగా, 5 నిమిషాలకు తగ్గకుండా ఎక్కిస్తారు. అరగంట, గంటలో రంగు మారడం కంటికే తెలుస్తుంది. అవసరమైతే ఇంకోసారి ఇస్తారు. హద్దు దాటితే మాత్రం ఈ మందే మెథెమోగ్లోబిన్‌ను పెంచుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర మందుల జాబితాలో విరుగుళ్ల కింద దీని పేరుంది. వింతేమిటంటే కొన్ని క్యాన్సర్ వార్డుల్లో ఇది ఇంకో పనికి సిద్ధంగా ఉంటుంది: ఐఫోస్ఫమైడ్ అనే కీమో మందు వల్ల మతి తప్పినప్పుడు కొందరు డాక్టర్లు దీన్నే ఇస్తారు.

ఇంజెక్షన్ పడుతుండగా ఆక్సిమీటర్ అంకె ఒక్కసారిగా ఇంకా కిందికి పడుతుంది. నీలం రంగు మీటర్ కాంతికి అడ్డుపడటం వల్ల అలా అవుతుంది, కాసేపటికి సర్దుకుంటుంది. తర్వాత ఒకటి రెండు రోజులు మూత్రం నీలంగా, పచ్చగా వస్తుంది. ఈ రెండూ ముందే చెప్పకపోతే పక్కనున్న తల్లి గుండె ఆగినంత పనవుతుంది. డాక్టర్లు ముందే చెప్పాలి.

ఇప్పుడు అసలు చిక్కు. మిథిలీన్ బ్లూ స్వయంగా ఏమీ బాగుచేయదు. ఎర్రకణంలో ఎన్‌ఏడీపీహెచ్ అనే శక్తి పదార్థం ఉంటేనే అది పనిచేసే రూపంలోకి మారుతుంది. ఆ పదార్థాన్ని తయారుచేయడానికి జీ6పీడీ కావాలి. జీ6పీడీ లోపం ఉన్నవారికి ఇస్తే మెథెమోగ్లోబిన్ తగ్గదు, పైగా ఎర్రకణాలు పగిలిపోవడం మొదలవుతుంది. రాస్బురికేజ్ దెబ్బ ఎవరికి గట్టిగా తగులుతుందో సరిగ్గా వాళ్లకే విరుగుడు పనికిరాదన్నమాట. లుకేమియా పిల్లాడికి రాస్బురికేజ్ ఇచ్చాక నీలం తిరిగి, మూత్రం కోకాకోలా రంగులో వచ్చి, కళ్లు పచ్చబడుతుంటే ముందు జీ6పీడీ లోపాన్నే అనుమానించాలి. చేయి మిథిలీన్ బ్లూ వైపు వెళ్లకూడదు.

అలాంటి రోగికి ఏం చేస్తారు? ఎర్రకణాలు ఎక్కించడం, తీవ్రమైతే రోగి రక్తాన్ని తీస్తూ దాత రక్తాన్ని ఎక్కించే మార్పిడి. విటమిన్-సి నరంలోకి ఇస్తారు, కానీ అది నెమ్మది. పెద్ద డోసులో కిడ్నీల్లో ఆక్సలేట్ పేరుకుంటుంది, జీ6పీడీ లోపం ఉన్నవారిలో కణాలను అదీ పగలగొట్టగలదు. ఏదీ మిథిలీన్ బ్లూ అంత చురుకైన దారి కాదు.

మరో జాగ్రత్త అంతగా తెలియనిది. మిథిలీన్ బ్లూ మెదడులో సెరటోనిన్‌ను పెంచుతుంది. డిప్రెషన్‌కు మాత్రలు వాడుతున్నవారికి, నొప్పికి ట్రమడాల్ వాడుతున్నవారికి, లినెజోలిడ్ యాంటీబయాటిక్ మీద ఉన్నవారికి ఇది తోడైతే జ్వరం, వణుకు, కండరాలు బిగుసుకోవడం రావచ్చు. ఎఫ్‌డీఏ 2011లోనే దీనిమీద హెచ్చరించింది. క్యాన్సర్ రోగుల్లో ట్రమడాల్ వాడేవాళ్లు ఉంటారు. విరుగుడు ఇవ్వకూడదని కాదు, ప్రాణాపాయంలో ఇస్తారు, తెలిసి ఇచ్చి గమనిస్తారు.

పరీక్ష ఎప్పుడు చేయాలి?

జీ6పీడీ లోపం ప్రపంచంలో 40 కోట్ల మందికి పైగా ఉందని అంచనా. మలేరియా ఎక్కువగా ఉన్న ప్రాంతాల ప్రజల్లో ఇది తరతరాలుగా నిలిచిపోయింది, ఎందుకంటే మలేరియా నుంచి కొంత రక్షణ ఇస్తుంది. మన దేశంలో సామాజిక వర్గాన్ని బట్టి శాతం మారుతుంది, కొన్ని గిరిజన సమూహాల్లో ఎక్కువ. పాడేరు, అరకు వైపు నుంచి విశాఖ క్యాన్సర్ ఆస్పత్రికి వచ్చే కుటుంబాల విషయంలో ఈ మాట గుర్తుంచుకోదగ్గది. లోపం తల్లి నుంచి కొడుక్కి వస్తుంది కాబట్టి మగపిల్లల్లో ఎక్కువగా బయటపడుతుంది. మేనమామకో అన్నకో పుట్టగానే తీవ్రంగా కామెర్లు వచ్చాయా, మలేరియా బిళ్లలు వేసుకున్నాక మూత్రం నల్లగా వచ్చిందా అని అడిగితే సగం విషయం తెలుస్తుంది.

పరీక్షకు బయటి ల్యాబులో కొన్ని వందల రూపాయలవుతుంది. రాస్బురికేజ్ ఖర్చు ముందు అది లెక్కలోకి రాదు. అయినా జరగకపోవడానికి కారణం డబ్బు ఒక్కటే కాదు, సమయం. లుకేమియా అనుమానంతో వచ్చిన బిడ్డకు హిమోగ్లోబిన్ 4, 5 ఉంటుంది. తొలి రోజే రక్తం ఎక్కిస్తారు, అది తప్పదు. రక్తం ఎక్కించాక జీ6పీడీ పరీక్ష చేస్తే యంత్రం కొలిచేది దాత కణాల ఎంజైమును. రిపోర్టులో 'నార్మల్' అని వస్తుంది. దాన్ని నమ్మి రాస్బురికేజ్ ఇస్తారు. కణాలు పగులుతున్న సమయంలో చేసినా ఇదే తంతు: లోపమున్న పాత కణాలు పోయి, ఎంజైము కాస్త ఎక్కువున్న కొత్త కణాలు మిగులుతాయి కాబట్టి అంకె మెరుగ్గా కనిపిస్తుంది. అలాంటి రిపోర్టును రెండు మూడు నెలల తర్వాత మళ్లీ సరిచూసుకోవాలి.

కాబట్టి శాంపిల్ తీయాల్సిన సమయం ఒక్కటే, మొదటి రక్తపు ప్యాకెట్ ఎక్కించకముందు. గ్రూపింగ్‌కు రక్తం తీసేటప్పుడే ఇంకో చిన్న ట్యూబు. రిపోర్టు మర్నాడు వచ్చినా ఫర్వాలేదు, శాంపిల్ ముందుదై ఉండాలి. ఆ జిల్లా ఆస్పత్రిలో రక్తం ఎక్కించుకుని హైదరాబాద్‌కో విశాఖకో రిఫర్ అయి వచ్చే పిల్లల విషయంలో పెద్దాస్పత్రి చేతిలో ఏమీ ఉండదు. ట్యూబు తీయాల్సింది జిల్లాలోనే.

డాక్టర్ల వైపు నుంచి కూడా చూడాలి. అర్ధరాత్రి యూరిక్ యాసిడ్ 15 దాటి, మూత్రం తగ్గిపోతుంటే రిపోర్టు కోసం రేపటిదాకా ఆగమనడం తేలిక కాదు. అప్పుడు సెలైన్లు, అల్లోప్యూరినాల్ లేదా ఫెబుక్సోస్టాట్‌తో నెట్టుకొస్తారు, అవసరమైతే డయాలిసిస్. తప్పనిసరై రాస్బురికేజ్ ఇచ్చినా తర్వాత మూడు నాలుగు రోజులు మూత్రం రంగు, హిమోగ్లోబిన్, ఆక్సిమీటర్ గట్టిగా చూస్తారు. ఇది తెలిసి తీసుకునే ప్రమాదం. పరీక్ష ఉందన్న సంగతే గుర్తు లేక ఇవ్వడం వేరు. డాప్సోన్, ప్రైమాక్విన్ విషయంలో ఆ తొందర కూడా ఉండదు, అవి ఎప్పుడూ రిపోర్టు చూసే మొదలుపెట్టవచ్చు.

కుటుంబసభ్యులు ఒక మాట అడగడంలో తప్పులేదు. "డాక్టర్ గారూ, బాబుకు రక్తం ఎక్కించకముందు జీ6పీడీకి శాంపిల్ తీశారా?" చాలు. రిపోర్టు వచ్చాక దాన్ని కేసు షీటు మొదటి పేజీ మీద పెద్దక్షరాలతో రాయించుకోండి. ఆరోగ్యశ్రీ కింద చేరినవారు ఈ పరీక్ష బయట చేయించుకురమ్మంటే, అది ప్యాకేజీలోకి వస్తుందో లేదో డెస్క్ దగ్గరున్న ఆరోగ్యమిత్రను అడిగాకే డబ్బు కట్టండి. అడ్మిషన్‌లో చేసే పరీక్షలకు విడిగా వసూలు చేయకూడదన్నది ఇలాంటి పథకాల్లో సాధారణ నియమం.

జిల్లాకు కీమో వస్తోంది, మరి ఇవి?

2025 ఫిబ్రవరి 1న పార్లమెంటులో పెట్టిన కేంద్ర బడ్జెట్‌లో, మూడేళ్లలో అన్ని జిల్లా ఆస్పత్రుల్లో డే కేర్ క్యాన్సర్ కేంద్రాలు పెడతామని, 2025-26లోనే 200 ఏర్పాటవుతాయని ప్రకటించారు. ఆదిలాబాద్ నుంచో శ్రీకాకుళం నుంచో ప్రతి సైకిల్‌కూ రాత్రి బస్సెక్కే కుటుంబాలకు ఇంతకంటే మంచి కబురు లేదు. అయితే కీమో పడకలతో పాటు ఇంకా కొన్ని చిన్న వస్తువులు కూడా జిల్లాకు రావాలి. రాస్బురికేజ్ డే కేర్‌లో పెద్దగా వాడరు, నిజమే. డాప్సోన్ మాత్రలు, మొద్దుబార్చే క్రీములు, మూత్రం మంట బిళ్లలు మాత్రం ఇంటికి వెళ్లేవాళ్ల సంచుల్లోనే ఉంటాయి. సమస్య వచ్చినప్పుడు వాళ్లు వెళ్లేది ఆ జిల్లా ఆస్పత్రి అత్యవసర విభాగానికే.

అక్కడ కావాల్సింది భారీ పెట్టుబడి కాదు. మెథెమోగ్లోబిన్ కొలిచే ఏబీజీ యంత్రం, దానికి ఆగిపోకుండా సరఫరా అయ్యే కార్ట్‌రిడ్జ్‌లు. గడువు తీరని మిథిలీన్ బ్లూ యాంపుల్స్ కొన్ని. ఇరవై కిలోల బిడ్డకు ఒక డోసు 20 నుంచి 40 మిల్లీగ్రాములు, అంటే మిల్లీలీటరుకు 10 మిల్లీగ్రాముల ఇంజెక్షన్ అయితే 2 నుంచి 4 మిల్లీలీటర్లు. ఏడాదికి ఒక్కసారి కూడా వాడకపోవచ్చు. అరుదుగా వాడే మందును ఇండెంట్‌లో పెట్టేందుకు ఏ స్టోర్ ఇన్‌ఛార్జికీ ఆసక్తి ఉండదు, గడువు తీరితే ఆడిట్‌లో సంజాయిషీ ఇచ్చుకోవాలి. పాముకాటు విరుగుడు లాగే దీన్నీ 'తప్పక ఉండాల్సినవి' జాబితాలో పెడితే ఆ భయం పోతుంది. డే కేర్ కేంద్రాలకు ఇచ్చే సామగ్రి జాబితాలో ఇప్పుడే చేర్చడం తేలిక. అన్నీ తెరిచాక ఒక్కొక్క జిల్లాలో చేర్పించడం కష్టం.

ఇంట్లో ఉన్నప్పుడు

కీమో మధ్యలో ఇంటికొచ్చిన మనిషికి పెదవులు బూడిదరంగుకు తిరిగి, ఆక్సిమీటర్ 90 లోపు చూపిస్తే 108కి ఫోన్ చేయండి. కారణం న్యుమోనియా కావచ్చు, ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డ కావచ్చు, కీమో మందు వల్ల ఊపిరితిత్తులు దెబ్బతినడం కావచ్చు. అవే ఎక్కువ. మెథెమోగ్లోబినీమియా వాటిలో ఒక అవకాశం మాత్రమే, దాన్ని తేల్చాల్సింది ఆస్పత్రి. మీరు చేయాల్సింది గత నెల రోజుల్లో వాడిన ప్రతి మాత్ర స్ట్రిప్పునూ, పూసిన క్రీమునూ, ఖాళీవైనా సరే, కవర్లో వేసుకుని వెళ్లడం. ఊళ్లో డాక్టరు రాసినవి, మందుల షాపులో అడిగి కొన్నవి కూడా. ఆక్సిజన్ పెట్టినా అంకె కదలకపోతే ఆ స్ట్రిప్పులు చూపించి, "ఈ మందు వల్ల రక్తం రంగు మారుతుందట, ఒకసారి చూడండి సార్" అని చెప్పండి.

మాత్రలను మీ అంతట మీరు ఆపేయకండి. డాప్సోన్ ఆపితే న్యుమోనియాకు తలుపు తెరిచినట్టే, బదులు మందు డాక్టరే చెప్పాలి. అలాగే చేపల తొట్టెలో వేసే మిథిలీన్ బ్లూ సీసాలు, శక్తినిస్తుందంటూ ఆన్‌లైన్‌లో అమ్మే నీలం చుక్కలు ఈ చికిత్సకు పనికిరావు. వాటి శుద్ధత వేరు, అవి నరంలోకి ఎక్కించేవీ కావు.

ఒకసారి ఈ ఇబ్బంది వచ్చి తగ్గాక, ఏ మందు వల్ల వచ్చిందో డిశ్చార్జి చీటీలో రాయించుకోండి. జీ6పీడీ లోపం తేలితే అన్నదమ్ములకూ పరీక్ష చేయించాలి. మందుల దుష్ప్రభావాలను నమోదు చేసే జాతీయ కార్యక్రమం ఒకటి 2010 నుంచి నడుస్తోంది. ఘజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ దాన్ని చూస్తుంది. టోల్‌ఫ్రీ నంబరు 1800-180-3024. డాక్టర్లే కాదు, రోగులూ బంధువులూ కూడా ఫిర్యాదు నమోదు చేయవచ్చు, తెలుగులోనూ ఫారం ఉంది. మందు పేరు, బ్యాచ్ నంబరు, మొదలుపెట్టిన రోజు, ఇబ్బంది వచ్చిన రోజు అడుగుతారు. ఖాళీ స్ట్రిప్పు పారేయకుండా ఉంచుకుంటే మందు పేరు, బ్యాచ్ నంబరు దానిమీదే దొరుకుతాయి.